ఒడ్డుకు వచ్చే తల్లులు

ప్రవేశిక

అడవి జంతువులను, పక్షులను, జలచరాలను పట్టి అమ్మడం ఒకప్పుడు తప్పుగా ఎవరూ భావించలేదు. అమ్మేవారు ఉన్నారు, కొనేవారు ఉన్నారు. నడుమ నోరులేని ప్రాణి నశించిపోతున్న సంగతి మనుషులకు ఆలస్యంగా తెలిసింది. ఆ తరువాత చట్టాలు వచ్చాయి. ఒక చట్టం ఒక ప్రాణిని ఎట్లా కాపాడుతుంది? ఎంతవరకు కాపాడగలుగుతుంది? దానివల్ల తీరంలోని మనుషుల బతుకులు ఎట్లా మారతాయి? ఒడిశా తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల వృత్తాంతం ద్వారా ఈ విషయాలను తెలుసుకోండి.

పాఠం

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్యా నది బంగాళాఖాతంలో కలుస్తుంది. బరంపురం, ఛత్రపురం పట్టణాలు దీనికి దగ్గరలోనే ఉన్నాయి. ఈ తీరంలో ఒడియా మాట్లాడే జాలరులతోపాటు తెలుగు మాట్లాడే జాలరులు కూడా తరతరాలుగా జీవిస్తున్నారు. వీరిని ఒడిశాలో నోలియాలు అంటారు. గోపాలపూర్ మొదలుకొని పూరీ వరకు వీరి పల్లెలు ఉన్నాయి. తెప్ప, వల, కడలి - ఇవే వీరి ఆస్తి. ఈ ఒడ్డుకు శీతకాలం చివర దూరం నుంచి అతిథులు వస్తారు. ఆ అతిథులు ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు.

ప్రపంచంలో సముద్ర తాబేళ్లు ఏడు జాతులు. వాటిలో అయిదు జాతులు భారతదేశపు జలాలలో కనిపిస్తాయి. ఆలివ్ రిడ్లే చిన్న జాతులలో ఒకటి. దీని పైచిప్ప సుమారు రెండు అడుగుల పొడవుంటుంది. బరువు 35 నుంచి 50 కిలోల వరకు ఉంటుంది. చిప్ప రంగు ఆలివ్ కాయ రంగును పోలి ఉండటం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. ఈ తాబేలు జీవితమంతా సముద్రంలోనే గడుపుతుంది. అయినా దీనికి చేపకు ఉన్నట్లు మొప్పలు లేవు. గాలి పీల్చడానికి మాటిమాటికీ నీటిపైకి రావలసిందే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందుముందు దీనితో పని ఉన్నది.

గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడ తాబేలు నేలమీదికి వస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒక రాత్రి మొదట పదో ఇరవయ్యో తాబేళ్లు అలల వెంట ఒడ్డుకు చేరుతాయి. వాటి వెనుక వందలు, వేలు వస్తాయి. నీటిలో చురుకుగా ఈదే ఆ తల్లి, ఇసుకమీద బరువైన దేహాన్ని ఈడ్చుకుంటూ నెమ్మదిగా పైకి పాకుతుంది. వెనుక కాళ్లతో కుండవంటి గుంట తవ్వుతుంది. అందులో నూరు నుంచి నూట ఇరవై వరకు గుడ్లు పెడుతుంది. గుంటను ఇసుకతో పూడ్చి, దేహాన్ని అటూ ఇటూ ఊపుతూ ఆ చోటును చదును చేస్తుంది. ఇదంతా సుమారు ఒక గంటలో ముగుస్తుంది. తరువాత వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

ఇట్లా వేల తాబేళ్లు ఒక్కసారిగా రావడాన్ని స్పానిష్ భాషలో అరిబాడా అంటారు. అరిబాడా అంటే 'రాక' అని అర్థం. ఇటువంటి సామూహిక రాకలు ప్రపంచంలో కొద్ది చోట్ల మాత్రమే జరుగుతాయి. మధ్య అమెరికాలోని కోస్టారికా, దానికి ఉత్తరాన ఉన్న మెక్సికో దేశాల తీరాలు వాటిలో ముఖ్యమైనవి. మన దేశంలో అట్లాంటి పెద్ద స్థావరాలు ఒడిశాలో ఉన్నాయి. గహిర్‌మఠ తీరం, దేవీ నది ముఖద్వారం, ఋషికుల్యా ముఖద్వారం - ఈ మూడూ ప్రసిద్ధమైనవి. గహిర్‌మఠ విషయం 1974లో శాస్త్రలోకానికి తెలిసింది. ఋషికుల్యా తీరాన్ని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. అంతకు ముందే అక్కడి జాలరులకు ఆ తాబేళ్లు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం తీరంలోను, యానానికి చేరువలో ఉన్న కాకినాడ హోప్ దీవిలోను, తమిళనాడులోని చెన్నై తీరంలోను కూడా ఈ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అయితే అక్కడ అవి ఒకటి రెండుగా విడివిడిగా వస్తాయి.

ఇసుకలోని గుడ్లను పొదిగేది సూర్యుని వేడిమి. 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. అరచేతిలో ఇమిడే ఈ పిల్లలు రాత్రివేళ గూటినుంచి వెలువడి, వెలుగు కనిపించే దిక్కుకు పరుగుతీస్తాయి. నక్షత్రాల కాంతికి మెరిసే సముద్రమే వాటికి దారి చూపే దీపం. ఒడ్డున విద్యుద్దీపాలు వెలుగుతుంటే అవి దారి తప్పి ఊరివైపు నడిచి చనిపోతాయి. దారి తప్పని వాటికీ ఆపదలు తక్కువ కాదు. కుక్కలు, కాకులు, ఎండ్రకాయలు ఒడ్డున కాచుకొని ఉంటాయి. నీటిలో పెద్ద చేపలు ఎదురుచూస్తుంటాయి. వెయ్యి పిల్లలలో ఒకటి మాత్రమే పెరిగి పెద్దదవుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అది తల్లి కావడానికి పదేళ్లకు పైగా పడుతుంది.

ఇప్పుడొక లెక్క ఆలోచించండి. ఒడ్డుకు వచ్చే ప్రతి తల్లీ వెయ్యి ఆపదలు దాటి బతికినది. అటువంటి తల్లిని గుడ్లు పెట్టకముందే పట్టి చంపితే పోయేది ఒక్క ప్రాణం కాదు. రాబోయే తరమే పోతుంది. గుడ్లు పెట్టే తల్లులన్నీ ఒకే కాలంలో, ఒకే చోటికి రావడం వల్ల వాటిని పట్టడం వేటగాళ్లకు సులభమైంది. ప్రకృతి ఏర్పరచిన కలయికను వ్యాపారం తనకు అనువుగా మార్చుకున్నది.

పందొమ్మిది వందల డెబ్బయ్యవ దశకం వరకు ఒడిశా తీరంలో సరిగ్గా ఇదే జరిగింది. గహిర్‌మఠలో గుడ్లు తీసుకోవడానికి ప్రభుత్వమే రుసుము తీసుకొని అనుమతి ఇచ్చేది. గుడ్లను నావలకెత్తి అమ్మకానికి తరలించేవారు. పెద్ద తాబేళ్లను సముద్రంలోనే పట్టేవారు. ఇవి నీరు లేకున్నా కొన్ని రోజులు బతకగలవు. అందువల్ల వాటిని వెల్లకిలా తిప్పి, కదలలేకుండా చేసి, ప్రాణంతోనే కలకత్తా అంగళ్లకు పంపేవారు. ఏటా వేలకొద్దీ తల్లులు ఆ విధంగా మాంసమైపోయాయి. జాలరికి ముట్టేది స్వల్పం. లాభంలో పెద్ద వాటా నడిమి వర్తకులది.

ఇతర దేశాలలోనూ పరిస్థితి ఇంతే. మెక్సికో, ఈక్వడార్ దేశాలలో రిడ్లే తాబేళ్లను వాటి తోలు కోసం చంపేవారు. ఆ తోలుతో ఐరోపాలోను, జపానులోను చెప్పులు, సంచులు తయారయ్యేవి. తాబేలు చనిపోయేది ఒక దేశంలో, దాని తోలు అమ్ముడయ్యేది మరొక దేశంలో. ఇటువంటి వ్యాపారాన్ని ఏ ఒక్క దేశమూ తనకు తానుగా ఆపలేదు. అమ్మే దేశం నిషేధించినా కొనే దేశం తలుపులు తెరిచి ఉంచితే దొంగరవాణా సాగుతూనే ఉంటుంది.

ఈ చిక్కును విప్పడానికి 1973 మార్చి 3వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని పేరు సైటిస్. అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేయడం దాని ఉద్దేశం. అది 1975 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. భారతదేశం 1976లో అందులో చేరింది. నేడు 180కి పైగా దేశాలు అందులో సభ్యులు. మార్చి 3వ తేదీని ప్రపంచ వన్యప్రాణి దినంగా జరుపుకోవడానికి కారణం ఇదే.

సైటిస్ ఒప్పందం జీవజాతులను మూడు అనుబంధాలుగా, అంటే మూడు జాబితాలుగా విభజించింది. మొదటి అనుబంధంలో ఉన్నవాటిని వ్యాపారం కోసం దేశాల ఎల్లలు దాటించకూడదు. రెండవ దానిలో ఉన్నవాటిని అనుమతి పత్రంతో, జాతికి ముప్పు లేనంత మేరకే పంపవచ్చు. మూడవది, ఒక దేశం తన ప్రాణుల రక్షణకు ఇతర దేశాల సాయం కోరినప్పుడు వాడే జాబితా. ఈ మూడింటిలో కలిపి 40 వేలకు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మొక్కలే. సముద్ర తాబేళ్లన్నీ మొదటి అనుబంధంలో ఉన్నాయి.

అయితే సైటిస్ ఒప్పందం సరిహద్దు దగ్గర మాత్రమే పనిచేస్తుంది. ఒడిశాలో పట్టిన తాబేలు కలకత్తాలో అమ్ముడైతే అది సరిహద్దు దాటినట్లు కాదు. దేశం లోపలి వ్యాపారాన్ని ఆపవలసింది దేశపు చట్టమే. భారత పార్లమెంటు 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం చేసింది. ఆ చట్టం ప్రాణులను షెడ్యూళ్లు అనే పట్టికలలో చేర్చింది. ఒకటవ షెడ్యూలులోని ప్రాణికి అన్నిటికంటే గట్టి రక్షణ ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేలును 1977లో ఒకటవ షెడ్యూలులో చేర్చారు. అంతకుముందే, 1975లో, భితర్‌కనికను అభయారణ్యంగా ప్రకటించారు. ఆ దరిదాపులలోనే గహిర్‌మఠలో గుడ్లు తీసే అనుమతులు ఆగిపోయాయి.

ఒక ప్రాణి పేరు పట్టికలోకి ఎక్కడం చిన్న మాట కాదు. ఈ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టడం, ఉచ్చు పన్నడం, చంపడానికి ప్రయత్నించడం, సరీసృపాల గుడ్లను పాడుచేయడం కూడా వేటే. మాంసం, చిప్ప, తోలు దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 1986లో చేసిన సవరణ వల్ల పట్టికలోని జంతువుల శరీర భాగాల వ్యాపారంపై నిషేధం మరింత బిగిసింది. 2006 సవరణ ఆధారంగా వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2022లో చట్టాన్ని మరల సవరించి, షెడ్యూళ్లను నాలుగుకు తగ్గించారు. సైటిస్ జాబితాలోని ప్రాణులకు నాలుగవ షెడ్యూలును కేటాయించారు. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఒకటవ షెడ్యూలులోని ప్రాణిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలుశిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధిస్తారు.

చట్టం కాగితం మీద ఉంటే చాలదు. 1977 తరువాత కూడా కొన్నేళ్లపాటు కలకత్తాకు తాబేళ్లు రహస్యంగా చేరుతూనే ఉన్నాయి. పత్రికలు ఆ విషయాన్ని ఫొటోలతో సహా ప్రచురించాయి. 1980వ దశకం తొలినాళ్లలో తీరరక్షక దళం రంగంలోకి దిగింది. గుడ్లు పెట్టే కాలంలో ఓడలతో, విమానాలతో ఒడిశా తీరానికి కాపలా కాయడం మొదలుపెట్టింది. ఆపరేషన్ ఒలీవియా పేరుతో ఆ కాపలా నేటికీ ప్రతి ఏడూ సాగుతున్నది. అంగడిలో తాబేలు దొరకడం కష్టమైంది. కొనేవారు తగ్గారు. కొనేవారు లేకపోతే పట్టేవారూ ఉండరు. పెద్ద ఎత్తున సాగిన ఆ వ్యాపారం క్రమంగా అణగారిపోయింది. చట్టం సాధించిన విజయం ఇది.

కాని తాబేళ్ల చావులు ఆగలేదు. అంగడి మూతపడిన తరువాత మరొక ఆపద పైకి తేలింది. ఈసారి చంపేవానికి చంపాలన్న ఉద్దేశమే లేదు.

రొయ్యల కోసం ట్రాలర్లు అనే మర పడవలు సంచివంటి పెద్ద వలను నీటి అడుగున గంటల తరబడి ఈడ్చుకుంటూ పోతాయి. దారిలో ఉన్న తాబేలు ఆ వలలో చిక్కుతుంది. గాలి పీల్చడానికి పైకి రాలేక నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తొంభైయవ దశకంలో ఒడిశా తీరానికి ఏటా వేలకొద్దీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకువచ్చాయి. కొన్ని సంవత్సరాలలో ఆ సంఖ్య పదివేలు దాటింది. వాటిని ఎవరూ కొనలేదు, ఎవరూ తినలేదు. వలలో రొయ్యలను ఉంచుకొని తాబేలును సముద్రంలోకి విసిరేశారు. వ్యాపారం తాబేలుది కాకున్నా, రొయ్యల వ్యాపారం దాని ప్రాణం తీసింది.

దీనికి ఒక ఉపాయం కనుగొన్నారు. వల గొంతు దగ్గర ఇనుప కడ్డీల జాలీని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందులోంచి వల చివరకు పోతాయి. తాబేలు మాత్రం కడ్డీలకు తగిలి, పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. ఈ సాధనాన్ని టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్లుగా ఒక టెడ్‌ను రూపొందించింది. ఒడిశా ప్రభుత్వం ట్రాలర్లకు దీనిని తప్పనిసరి చేసింది. అయితే ద్వారం గుండా చేపలు, రొయ్యలు కూడా కొంత తప్పించుకుపోతాయని ట్రాలర్ల యజమానులు చాలామంది దానిని బిగించడానికి ఇష్టపడలేదు.

ఈ వివాదం ప్రపంచ వేదిక వరకు వెళ్లింది. తాబేళ్లను కాపాడే ఏర్పాటు లేని వలలతో పట్టిన రొయ్యలను దిగుమతి చేసుకోరాదని అమెరికా 1989లో చట్టం చేసింది. దానిపై భారతదేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో అప్పీలు సంఘం తీర్పు చెప్పింది. తాబేళ్లను కాపాడాలనే ఉద్దేశం న్యాయమైనదేనని అంగీకరించింది. అయితే అమెరికా అన్ని దేశాలను ఒకే విధంగా చూడలేదని, కొందరికి ఎక్కువ గడువు, సాయం ఇచ్చి మరికొందరికి ఇవ్వలేదని తప్పుపట్టింది. ప్రాణిని కాపాడే నియమం మనుషుల పట్ల కూడా న్యాయంగా ఉండాలనేది ఆ తీర్పులోని సారాంశం.

ఆ న్యాయం ఒడిశా తీరంలోని చిన్న జాలరికి కూడా కావాలి. 1982లో ఒడిశా సముద్ర మత్స్య నియంత్రణ చట్టం వచ్చింది. ఒడ్డునుంచి 5 కిలోమీటర్ల లోపలి జలాలను సంప్రదాయ నావలకే విడిచిపెట్టాలని దాని కింద నియమం చేశారు. 1997లో 1,435 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో గహిర్‌మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. దేవీ, ఋషికుల్యా, ధామ్రా ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు, ఒడ్డునుంచి 20 కిలోమీటర్ల దూరం వరకు చేపలవేటపై నిషేధం విధిస్తున్నారు. ఏడు నెలలంటే సంవత్సరంలో సగానికంటే ఎక్కువ కాలం. వల వేస్తేనే పొయ్యి రాజే ఇంటికి ఇది చిన్న కష్టం కాదు. ప్రభుత్వం జాలరి కుటుంబాలకు జీవనాధార సాయం ఇస్తున్నది. ఆ సాయం చాలదనీ, అందరికీ అందడం లేదనీ జాలరులు చెబుతూ వచ్చారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తాబేలుకూ చిన్న జాలరికీ వైరం ఉన్నదని పైకి తోస్తుంది. నిజానికి ఇద్దరికీ నష్టం చేసేది ఒక్కటే. నిషిద్ధ జలాలలోకి చొరబడే ట్రాలరు తాబేలును చంపుతుంది. అదే ట్రాలరు తెప్పమీద పోయే జాలరి చేపలను ఊడ్చుకుపోతుంది, అతని వలలను తెంపుతుంది. 5 కిలోమీటర్ల నియమాన్ని సరిగా అమలు చేస్తే తాబేలు బతుకుతుంది, జాలరీ బతుకుతాడు. నిషేధం భారమంతా చిన్నవారిపై పడి, పెద్ద పడవలు తప్పించుకుంటే మాత్రం చట్టంపై ఎవరికీ గౌరవం మిగలదు.

తీరవాసులను కలుపుకొనిపోయే పద్ధతి ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క విధంగా ఉన్నది. కోస్టారికాలోని ఒస్తియొనాల్ అనే ఊరిలో అరిబాడా మొదలైన తొలి గంటలలో పెట్టిన గుడ్లను కొంతమేర తీసుకోవడానికి గ్రామస్థులకు 1987 నుంచి చట్టబద్ధమైన అనుమతి ఉన్నది. తొలి గుడ్లలో చాలా వాటిని తరువాత వచ్చే తాబేళ్లే తవ్వి పాడుచేస్తాయి. అందుకు బదులుగా గ్రామస్థులు ఒడ్డును శుభ్రపరుస్తారు, మిగిలిన గుడ్లకు కాపలా కాస్తారు. భారతదేశం అందుకు భిన్నంగా సంపూర్ణ రక్షణను ఎంచుకున్నది. దారులు వేరైనా రెండు చోట్లా కాపలా కాసేది ఆ ఊరివారే.

ఋషికుల్యా తీరపు పల్లెల యువకులు సంఘంగా ఏర్పడి ఈ పనికి పూనుకున్నారు. గుడ్లు పెట్టే రోజులలో అటవీ ఉద్యోగులతో కలిసి రాత్రంతా ఒడ్డున తిరుగుతారు. కుక్కలు రాకుండా కంచెలు కడతారు. పిల్లలు వెలువడే వేళ దగ్గరలోని దీపాలు ఆర్పిస్తారు. దారి తప్పిన పిల్లలను బుట్టలలో ఏరి, నీటి అంచున వదిలిపెడతారు. ఒకనాడు గుడ్లు తవ్వి తీసిన తీరంలో నేడు అదే ఇసుకకు కావలివారున్నారు.

దాని ఫలితం కనిపిస్తున్నది. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్యా తీరానికి 6 లక్షల 90 వేలకు పైగా తాబేళ్లు వచ్చాయని ఒడిశా అటవీశాఖ లెక్కకట్టింది. ఆ మరుసటి నెలలో గహిర్‌మఠకు కూడా లక్షల సంఖ్యలో వచ్చాయి. వ్యాపారాన్ని 1990లో నిషేధించిన మెక్సికోలోనూ తాబేళ్లు మరల లక్షల సంఖ్యలో ఒడ్డు చేరుతున్నాయి. అయినా నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. కొన్ని సంవత్సరాలలో ఋషికుల్యాకు సామూహికంగా తాబేళ్లు రానే రావు. 2025 జనవరిలో చెన్నై పరిసరాల తీరానికి వందలకొద్దీ చనిపోయిన తాబేళ్లు కొట్టుకువచ్చాయి. ఒక తీరంలో కాపాడిన తాబేలు మరొక తీరంలో చనిపోతే ఫలితం లేదు. 2021లో గహిర్‌మఠలో గుర్తుబిళ్ల తగిలించిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెట్టింది. తాబేళ్లకు రాష్ట్రాల ఎల్లలుండవు. కాబట్టి వాటి రక్షణకూ ఎల్లలుండకూడదు.

సముద్రానికి దూరంగా ఉన్నవారికి కూడా ఈ చట్టంతో సంబంధం ఉన్నది. రాయలసీమ, కోలారు ప్రాంతాల మెట్టభూములలో నక్షత్ర తాబేలు ఉంటుంది. చిప్పమీద చుక్కల వంటి గీతలుండటం వల్ల దీనిని పెంపుడు జంతువుగా విదేశాలకు దొంగతనంగా తరలిస్తున్నారు. పెట్టెలలో కుక్కిన నక్షత్ర తాబేళ్లను విమానాశ్రయాలలో అధికారులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. అందువల్ల 2019లో దానిని సైటిస్ రెండవ అనుబంధం నుంచి మొదటి అనుబంధానికి మార్చారు. ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందని నమ్మి కొనేవారు, పంజరంలో రామచిలుకను పెంచేవారు తాము వేటగాళ్లం కామని అనుకుంటారు. మన అడవి చిలుకలను కొనడం, అమ్మడం, పంజరంలో పెంచడం కూడా చట్టరీత్యా నేరమే. వాటిని పట్టినవాడు కొనేవాని కోసమే పట్టాడు.

శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో మన పెద్దలు కూర్మావతారానికి గుడి కట్టి పూజిస్తున్నారు. పూజించే చేతులకు కాపాడే బాధ్యత కూడా ఉన్నది. చట్టం అంగడిని మూయగలదు, నేరస్థుణ్ణి శిక్షించగలదు. వలలో చిక్కిన తాబేలును విడిపించేది జాలరి చేయి. దారి తప్పిన పిల్లను నీటికి చేర్చేది పల్లెటూరి కుర్రవాడి చేయి. వద్దని చెప్పి అమ్మేవాణ్ణి వెనక్కి పంపేది కొనేవాని నోరు. చట్టానికి ఈ మూడూ తోడైనప్పుడే ఒడ్డుకు వచ్చే తల్లులు క్షేమంగా తిరిగి వెళతాయి.

కఠిన పదాలు - అర్థాలు

కడలి = సముద్రం
ముఖద్వారం = నది సముద్రంలో కలిసే చోటు
స్థావరం = నిలకడగా ఉండే చోటు, నెలవు
సరీసృపాలు = పాములు, తాబేళ్లు, మొసళ్లు మొదలైన ప్రాణులు
కళేబరం = ప్రాణం పోయిన శరీరం
ఎల్ల = సరిహద్దు
మెట్టభూమి = వానపై ఆధారపడిన, నీటి వసతి లేని భూమి
నిషిద్ధం = కూడదని కట్టడి చేయబడినది

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు రెండు లేక మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. నోలియాలు ఎవరు? వారు ఎక్కడ నివసిస్తున్నారు?
2. అరిబాడా అంటే ఏమిటి?
3. తాబేలు పిల్లలు ఎందువల్ల దారి తప్పుతాయి?
4. వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం 'వేట' అంటే ఏమేమిటి?
5. టెడ్ అనే సాధనం ఎట్లా పనిచేస్తుంది?

II. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. సైటిస్ ఒప్పందం ఉండగా దేశంలో మరొక చట్టం ఎందుకు అవసరమైంది? వివరించండి.
2. తాబేళ్ల వ్యాపారం అణగారిన తరువాత కూడా అవి ఎందుకు చనిపోతున్నాయి?
3. "తాబేలుకూ చిన్న జాలరికీ నష్టం చేసేది ఒక్కటే." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

III. క్రింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
1. తరతరాలుగా 2. అణగారు 3. పూనుకొను 4. కావలి

IV. క్రింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
1. అభయారణ్యం 2. జీవనాధారం 3. కూర్మావతారం 4. ఎల్లలుండవు

V. క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసం పేరు తెలపండి.
1. జాలరి కుటుంబాలు 2. మూడేళ్లు 3. తీరవాసులు

VI. చేయవలసిన పని
మీ ప్రాంతంలో ఒకప్పుడు విరివిగా కనిపించి, ఇప్పుడు అరుదైపోయిన పక్షినో జంతువునో గూర్చి మీ ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. దానిని మీ ఊళ్లో తెలుగులో ఏమంటారో, అది తగ్గిపోవడానికి పెద్దలు చెప్పిన కారణాలేమిటో ఒక పుటకు మించకుండా వ్రాసి తరగతిలో చదవండి.